గేమ్ పరిశ్రమ న్యాయవాదుల సదస్సుకు తొలిసారి వెళ్తున్నవారు ఎలా సిద్ధం కావాలి?

మీరు హైదరాబాదులోని ఒక మొబైల్ గేమ్ స్టూడియోలో రెండేళ్లుగా ఇన్‌హౌస్ లాయరుగా (కంపెనీ జీతం మీద దాని న్యాయ వ్యవహారాలు చూసే ఉద్యోగిగా) పనిచేస్తున్నారు. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో జరిగే గేమ్స్ ఇండస్ట్రీ లా సమ్మిట్‌కు మిమ్మల్నీ, మీకంటే జూనియర్ అయిన మరో సహోద్యోగినీ కంపెనీ పంపిస్తోంది. ఇంకా పది వారాల వ్యవధి ఉందని, ఏం చదవాలో, ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో, తిరిగి వచ్చాక యాజమాన్యానికి ఏం చూపించాలో తెలియడం లేదని రాశారు. పద్నాలుగేళ్లుగా గేమ్ కంపెనీల ఒప్పందాలు, నియంత్రణ వ్యవహారాలు చూస్తున్న న్యాయవాదిగా, ఇలాంటి సదస్సులకు స్వయంగా వెళ్లి, తరువాత జూనియర్లను తయారుచేసి పంపినవాడిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఏమిటంటే, ఈ సదస్సుల్లో వినడానికి మాత్రమే వెళ్లినవారికి దక్కేది తక్కువ, ఇచ్చిపుచ్చుకోవడానికి వెళ్లినవారికి దక్కేది ఎక్కువ. గేమ్ చట్టం అనేది ఒకే పుస్తకంలో దొరికే శాస్త్రం కాదు. జూద నియంత్రణ, వినియోగదారుల రక్షణ, పిల్లల వ్యక్తిగత సమాచారం, కాపీరైట్, పోటీ చట్టం, కార్మిక ఒప్పందాలు అన్నీ ఒకే గేమ్ మీద ఒకేసారి పడతాయి, పైగా దేశానికొక తీరుగా పడతాయి. బెల్జియం సంగతి బెల్జియం లాయరుకు, బ్రెజిల్ సంగతి బ్రెజిల్ లాయరుకు తెలుసు. కాబట్టి అక్కడ ప్రతి ఒక్కరూ తన దేశపు వ్యవహారాన్ని మోసుకొచ్చి, ఎదుటివారి దేశపు వ్యవహారాన్ని పట్టుకెళ్తారు. భారతదేశం నుంచి వచ్చారని తెలిసిన మరుక్షణం మిమ్మల్ని మన చట్టం గురించి అడుగుతారు. ఆ ప్రశ్నకు స్పష్టంగా, తొణక్కుండా రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగితే, ఆ తరువాత మీరు అడిగే ప్రశ్నలకు వారు మనసుపెట్టి జవాబిస్తారు. అందుకే పది వారాల్లో మొదటి నాలుగు వారాలను విదేశీ చట్టాల మీద కాకుండా మన చట్టం మీద పెట్టమంటాను.

మన చట్టాన్ని రెండు నిమిషాల్లో చెప్పడం తేలిక కాదు, ఎందుకంటే విదేశీ లాయర్లలో చాలామంది పాత చిత్రాన్నే మనసులో పెట్టుకొని ఉంటారు. భారతదేశంలో నైపుణ్యపు ఆట చట్టబద్ధం, అదృష్టపు ఆట నేరం అన్నది ఆ చిత్రం. అది ఎక్కడ మొదలైందో చెప్పడానికి మన ఊరి కథే పనికొస్తుంది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణల మధ్య ఇచ్చిన తీర్పులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని న్యాయస్థానం అన్నది. దశాబ్దాల తరువాత పుట్టిన ఆన్‌లైన్ రమ్మీ, ఫాంటసీ ఆటల వ్యాపారం కూడా చాలావరకు ఆ ఒక్క మాట నీడలోనే నిలబడింది. తరువాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆటలకు నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపును తొలగించాయి. అంటే ఆ మినహాయింపుకు పేరు తెచ్చిన నేల మీదే అది ముందుగా పోయింది. ఈ కథను నేను ఎక్కడ చెప్పినా శ్రద్ధగా విన్నారు, ఎందుకంటే అందులో స్థలం ఉంది, మనుషులు ఉన్నారు, చట్టం ఎటు మళ్లిందో తెలిసే మలుపు ఉంది.

దానికి కొనసాగింపుగా 2025 చట్టాన్ని చెప్పాలి. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడాతో నిమిత్తం లేకుండా, డబ్బో దానికి సమానమైనదో పెట్టి, ధన లాభాన్ని ఆశించి ఆడే ఆటలన్నిటినీ ఈ చట్టం నిషేధించింది. అటువంటి సేవను అందిస్తే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇస్తే రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా పడవచ్చు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, ఆన్‌లైన్ సోషల్ గేమ్‌లను వేరుగా గుర్తించి ప్రోత్సహిస్తామన్నది. దీనిని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన వద్దకు బదిలీ చేసుకుంది. నియమాలు, కేసులు ఏ దశలో ఉన్నాయో విమానం ఎక్కే ముందు రోజు మరోసారి చూసుకోండి, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని అడిగే మొదటి అనుబంధ ప్రశ్న అదే.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం మీ స్టూడియోకు నేరుగా తగులుతుంది. డబ్బు ఆటలు మీరు చేయడం లేదు కాబట్టి ఈ చట్టం మీకు సంబంధించినది కాదని మీ ప్రోడక్ట్ బృందం అనుకోవచ్చు. అయితే పందెం అన్న మాట పరిధిలోకి నగదుతో పాటు డబ్బుకు సమానంగా చెలామణి అయ్యే కాయిన్లు, టోకెన్లు కూడా వస్తాయి. లూట్ బాక్స్ (డబ్బు పెట్టి కొని తెరిచాకే లోపల ఏముందో తెలిసే పెట్టె) అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. ఆటగాడు డబ్బుతో కొన్న పెట్టెలోంచి వచ్చిన స్కిన్‌ను (పాత్రకో ఆయుధానికో వేసే కొత్త రూపాన్ని) ఆట బయట ఎవరికైనా అమ్ముకోగలిగితే పరిస్థితి ఏమిటి, అమ్మకానికి దారి మూసేస్తే పరిస్థితి ఏమిటి అన్న ప్రశ్నను మీరు ముందే కూర్చొని ఆలోచించుకోవాలి. యూరప్ లాయర్లు ఇదే ప్రశ్నతో ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. వారితో మీ సంభాషణ అసలు ఇక్కడే మొదలవుతుంది.

మన దగ్గర ఉన్న మరొక విశేషం వయసు. అమెరికాలో పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం పదమూడేళ్ల లోపు వారికి వర్తిస్తుంది. యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్‌లో సాధారణ పరిమితి పదహారేళ్లు కాగా, సభ్య దేశాలు దాన్ని పదమూడు వరకు తగ్గించుకోవచ్చు. మీరు వెళ్తున్న లిథువేనియాలో అది పద్నాలుగు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరినీ పిల్లలుగానే లెక్కించి, తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలంటుంది. పిల్లల ప్రవర్తనను గమనించడాన్ని, వారిని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తుంది. పిల్లలకు సంబంధించిన బాధ్యతల ఉల్లంఘనకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తరువాత అమలులోకి వచ్చేలా గడువు పెట్టారు. ఇంటర్ చదివే పదిహేడేళ్ల కుర్రాడు ఆడే ఆటకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటే లాగిన్ తెర ఎలా ఉండాలన్న చిక్కు మనకు తప్ప చాలా దేశాలకు ఇంకా ఎదురుకాలేదు. మీ స్టూడియోలో దీనికి ఏదైనా పరిష్కారం ఆలోచిస్తుంటే, కంపెనీ అనుమతి తీసుకొని, దాన్ని సాధారణ రూపంలో పంచుకోండి. అలాంటి అనుభవాన్ని ఎవరూ మరచిపోరు.

డబ్బు ఆటల చట్టం, పిల్లల డేటా చట్టం, ఈ రెండింటినీ నోటితో సాధన చేయండి, కాగితం మీద రాసుకోవడం చాలదు. నేను నా జూనియర్ల చేత చేయించే పద్ధతి ఇది: లాయరు కాని ఒక సహోద్యోగిని, వీలైతే గేమ్ డిజైనర్‌ను, ఎదురుగా కూర్చోబెట్టి, ఫోనులో రెండు నిమిషాల టైమరు పెట్టి, సెక్షన్ల సంఖ్యలు ఒక్కటి కూడా పలకకుండా ఇంగ్లీషులో చెప్పమంటాను. విన్నవారు తిరిగి చెప్పగలిగితేనే అయినట్టు. మొదటిసారి ఎవరికీ కుదరదు. నాలుగైదు సార్లకు మాట నిదానిస్తుంది, మనం కోర్టుల్లో అలవాటుగా వాడే బరువైన పదాలు రాలిపోతాయి. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు కనుక ఈ నిదానం వారికీ మేలు చేస్తుంది.

తరువాతి మూడు వారాలు విదేశీ చట్టాల చదువుకు సరిపోతాయి. అన్నీ చదవాలని ప్రయత్నించకండి. మీ గేమ్ ఏ దేశాల్లో ఆదాయం తెస్తోందో మీ ఫైనాన్స్ వారిని అడిగి, మొదటి నాలుగైదు దేశాలకే పరిమితం కండి. వార్తా కథనాలకు బదులు మూలపత్రాలనే చదవండి. లూట్ బాక్సుల విషయంలో బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తీసుకున్న వైఖరిని, అదే ఏడాది మొదలై 2022 మార్చిలో తారుమారైన నెదర్లాండ్స్ వ్యవహారాన్ని పక్కపక్కన పెట్టుకొని చదివితే చాలా నేర్చుకుంటారు. పక్కపక్కనే ఉన్న రెండు దేశాలు దాదాపు ఒకే రకమైన పెట్టెలను చూశాయి. బెల్జియం వాటిని జూదం అన్నది. నెదర్లాండ్స్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ మీద పడిన కోటి యూరోల జరిమానాను అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొట్టివేసింది, ప్యాకులు (ఆ కంపెనీ గేమ్‌లోని లూట్ బాక్సులు) తెరవడం వేరే ఆట కాదని, ఫుట్‌బాల్ గేమ్‌లో అది ఒక భాగమని తేల్చింది. పెట్టెను విడిగా చూడాలా, మొత్తం ఆటలో భాగంగా చూడాలా అన్న ఈ తేడానే తరువాతి చర్చలన్నిటికీ మూలం, మన 2025 చట్టం కింద మీరు వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే.

వినియోగదారుల వైపు 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎపిక్ గేమ్స్‌తో కుదుర్చుకున్న 52 కోట్ల డాలర్ల పరిష్కారాన్ని చూడండి. అందులో 27.5 కోట్లు పిల్లల గోప్యతకు, 24.5 కోట్లు ఆటగాళ్లను తికమకపెట్టి కొనిపించిన తెరల రూపకల్పనకు సంబంధించినవి. అలాగే 2025 మార్చిలో యూరప్ దేశాల ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థల నెట్‌వర్క్ గేమ్ కరెన్సీల మీద ప్రకటించిన సూత్రాలను తప్పక చదవండి, వజ్రాలు, నాణేల పక్కన అసలు ధర యూరోల్లో కనిపించాలన్న మాట మీ షాపు తెరను నేరుగా తాకుతుంది. ఆ పత్రాన్ని మీ యూఐ డిజైనర్‌తో కలిసి, మీ గేమ్ షాపును ఫోనులో తెరచి పెట్టుకొని, ఒక్కొక్క పేరానూ తెరతో పోల్చుతూ చదవమని నా సలహా. నేను అలా చేసిన ఒక మధ్యాహ్నంలో, నెలల తరబడి సమీక్ష సమావేశాల్లో బయటపడని మూడు లోపాలు బయటపడ్డాయి.

కాపీరైట్ విషయంలో ఒక్క తీర్పే చదవడానికి సమయం ఉంటే, యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2024 అక్టోబరు 17న సోనీ, డేటెల్ కేసులో ఇచ్చినది చదవండి. సోనీ పీఎస్పీ (చేతిలో పట్టుకొని ఆడే గేమ్ పరికరం) మీద నడిచే ఒక రేసింగ్ గేమ్‌లో పరిమితంగా దొరికే వేగపు బూస్టర్‌ను ఆపకుండా వాడుకునేలా డేటెల్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేది. అది గేమ్ కోడ్‌ను మార్చదు, ఆట నడుస్తున్నప్పుడు మెమరీలో ఉండే చలరాశుల విలువలను మాత్రమే మారుస్తుంది. అలాంటి విలువలకు కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల డైరెక్టివ్ (కాపీరైట్ రక్షణకు యూరప్ ఉమ్మడి చట్టం) కింద రక్షణ లేదని న్యాయస్థానం అన్నది. చీట్ సాఫ్ట్‌వేర్ అమ్మేవారి మీద కాపీరైట్ ఆయుధం మొద్దుబారినప్పుడు, వాడుక నిబంధనల ఒప్పందం, అనుచిత పోటీ చట్టం, సాంకేతిక రక్షణలను ఛేదించడంపై నిషేధం వంటి వాటిపై ఎంతవరకు ఆధారపడవచ్చో అక్కడివారిని అడగండి. వారి జవాబులతో పాటు వారి మధ్య అభిప్రాయభేదాలు కూడా మీకు ఉపయోగపడతాయి.

ఇప్పుడు ప్రశ్నల తయారీకి వస్తాను, సదస్సు సన్నాహంలో అత్యంత విలువైన భాగం ఇదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మీ బల్ల మీద నిజంగా ఉన్న సమస్యల్లోంచి మూడు ప్రశ్నలు తీయండి. పుస్తకంలో జవాబు దొరికే ప్రశ్నలు అక్కరలేదు. ‘చట్టం ఏమంటుంది’ అని కాకుండా ‘మీరైతే ఆచరణలో ఎంతవరకు వెళ్తారు’ అని అడగాలి. అయితే ఆ ప్రశ్నలోంచి మీ కంపెనీ, మీ గేమ్, మీ విడుదల తేదీ ఏవీ బయటకు కనిపించకూడదు. ఉదాహరణకు, ‘మేము వచ్చే ఏడాది తెస్తున్న క్రికెట్ గేమ్‌లో ఆటగాళ్ల కార్డులను ప్యాకులుగా అమ్ముతాం, బెల్జియంలో ఆపాలా’ అని అడిగితే, ఒక్క వాక్యంలో మీ రహస్యాలు మూడు బయటపడ్డాయి, దక్కేదేమో అందరికీ తెలిసిన జవాబు. దాన్నే ఇలా మార్చుకోండి: ‘ఒక ఉచిత మొబైల్ గేమ్ కొన్న కరెన్సీతో యాదృచ్ఛిక ప్యాకులు అమ్ముతోందనుకుందాం. బెల్జియం స్టోరు ఖాతాలకు ప్యాకులు తీసేసి, అవే వస్తువులను నేరుగా అమ్ముతోందనుకుందాం. అలాంటప్పుడు వేరే దేశపు స్టోరు ఖాతాతో బెల్జియంలో కూర్చొని ఆడుతున్న మనిషిని అడ్డుకోవడానికి మీరు ఏయే చర్యలు సరిపోతాయంటారు?’ ఇందులో మీ ఆనవాలు లేదు, ఎదుటివారి అనుభవానికి మాత్రం సరైన తలుపు తెరిచారు. మూడు ప్రశ్నలనూ ఇలా మార్చి, వెళ్లే ముందు మీ పై అధికారికి చూపించి ఆమోదం తీసుకోండి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా సొంత పొరపాటు. నేను వెళ్లిన మొదటి విదేశీ సదస్సులో, మొదటి రాత్రి విందులో, ఉత్సాహంలో, మా క్లయింటు ఒక జపాన్ కార్టూన్ పాత్ర హక్కుల కోసం బేరమాడుతున్నారని, ఒప్పందంలో ఒక షరతు దగ్గర ఆగిపోయిందని, పేర్లేవీ చెప్పకుండానే అన్నాను. ఎదురుగా కూర్చున్న ఆయన సూపులో ముంచిన చెంచా అలాగే ఆగిపోయింది. ఒక్క క్షణం నన్ను చూసి, ‘ఈ విషయం మీరు నాతో మాట్లాడకపోవడం మంచిది’ అని మర్యాదగా అన్నారు. అవే హక్కుల కోసం ప్రయత్నిస్తున్న మరో కంపెనీకి ఆయన లాయరు. ఆ పాత్ర పేరు నేను చెప్పలేదు, కానీ ఆ నెలలో భారతదేశం కోసం బేరంలో ఉన్న జపాన్ పాత్ర ఒక్కటే. ఆ రాత్రే మా సీనియర్‌కు ఫోను చేసి జరిగింది చెప్పాను, ఆయన మరునాడు ఉదయమే క్లయింటుకు చెప్పారు. ఒప్పందం పోలేదు. కానీ ఆ ఏడాదంతా ఆ క్లయింటు సీనియర్‌తోనే మాట్లాడారు, నాతో మాట్లాడలేదు. పేరు చెప్పకపోతే చాలనుకోవడం ఈ చిన్న పరిశ్రమలో సరిపోదని అప్పుడు తెలిసింది. ఒకవేళ మీకు ఇలాంటిది జరిగితే, దాచకుండా అదే రోజు పైవారికి చెప్పండి.

దీనికి సంబంధించినవే మరికొన్ని జాగ్రత్తలు. ఇలాంటి సదస్సుల్లో కొన్ని చర్చలను చాతమ్ హౌస్ నియమం కింద నడుపుతారు. విన్న విషయాన్ని వాడుకోవచ్చు గాని, ఎవరు అన్నారో, వారు ఏ సంస్థవారో బయట చెప్పకూడదన్నది ఆ నియమం. కాబట్టి తెర ఫొటో తీసి వెంటనే లింక్డిన్‌లో పెట్టే అలవాటు ఉంటే ఆ రెండు రోజులు మానుకోండి. రెండో జాగ్రత్త మీ నోట్సు గురించి. ఇన్‌హౌస్ లాయర్లకు న్యాయవాది, క్లయింటు సంభాషణలకు ఉండే పూర్తి గోప్యతా రక్షణ వర్తించదని మన సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది, వారికి ఉండేది పరిమిత రక్షణే. యూరప్ న్యాయస్థానం కూడా 2010లో ఆక్జో నోబెల్ కేసులో, యూరోపియన్ కమిషన్ జరిపే పోటీ చట్ట విచారణల్లో ఇన్‌హౌస్ లాయర్ల సంభాషణలకు ఆ రక్షణ లేదన్నది. అందువల్ల ఏదైనా ప్రసంగం వింటూ ‘మన గేమ్‌లో ఇదే తప్పు జరుగుతోంది’ అని నోట్సులోనో, వాట్సాప్ బృందంలోనో రాయకండి. చట్టం ఏమంటుందో, వక్త ఏమన్నారో మాత్రం రాసుకోండి. మీ కంపెనీకి వర్తింపజేయడాన్ని తిరిగి వచ్చాక, బయటి న్యాయవాదిని కలుపుకొని, సరైన పద్ధతిలో చేయండి.

మూడోది పోటీ చట్టం, పోటీ కంపెనీలు కుమ్మక్కవడాన్ని అది నిషేధిస్తుంది. అక్కడ మీ పక్కన కూర్చునేవారు మీకు పోటీ స్టూడియోల లాయర్లు. యాప్ స్టోర్లు కోసుకునే కమిషన్ గురించి అందరికీ బాధ ఉంటుంది. 2022 అక్టోబరులో గూగుల్ ప్లే చెల్లింపు విధానం మీద మన కాంపిటీషన్ కమిషన్ విధించిన, తరువాత అప్పీలులో తగ్గిన 936.44 కోట్ల జరిమానా గురించి మిమ్మల్ని తప్పక అడుగుతారు, దాని గురించి నిరభ్యంతరంగా మాట్లాడండి. కానీ మీ కంపెనీ రాబోయే ధరలు, ఏ స్టోరుతో ఏ షరతు కోసం పట్టుబట్టబోతోందన్నది, ఉద్యోగుల జీతాలు మాత్రం చర్చకు రానివ్వకండి. అలాంటి మాట మొదలైతే మర్యాదగా లేచి కాఫీకి వెళ్లిపోవడమే మేలు.

బయటి న్యాయసంస్థల భాగస్వాములు మీ దగ్గరకు వస్తారు, ఎందుకంటే మీరు వారికి కాబోయే క్లయింటు. దీన్ని తప్పుగా అనుకోనక్కరలేదు, వారి వృత్తిలో అది సహజం. కానీ వారిని నిజమైన వివాదం మీద అక్కడికక్కడే ఉచిత సలహా అడగకండి. ఎదుటి పక్షం వారికి ఇప్పటికే క్లయింటు అయితే, మీరు చెప్పిన వివరాలు ఇద్దరినీ ఇబ్బందిలో పెడతాయి. ముందు పక్షాల పేర్లు మాత్రమే ఈమెయిల్లో ఇచ్చి, వారి వైపు ఏ అభ్యంతరమూ లేదని రాతపూర్వకంగా తెలిశాకనే విషయంలోకి వెళ్లాలి.

విజిటింగ్ కార్డు గురించి కూడా ఒక మాట. పూర్తికాలం జీతం మీద పనిచేసే ఉద్యోగి అడ్వకేటుగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వది చెబుతుంది. కాబట్టి మీ కార్డు మీద కంపెనీ హోదా ఉండాలి గాని, ‘అడ్వకేట్’ అని ఉండకూడదు. నాలా ప్రాక్టీసులో ఉన్నవారికి 36వ నియమం వర్తిస్తుంది. క్లయింట్లను ఆకర్షించేలా ప్రచారం చేసుకోకూడదు, ఫలానా పనిలో ప్రత్యేక నిపుణుడినని కాగితాల మీద వేసుకోకూడదు. విదేశీ లాయర్ల కార్డుల మీద ‘గేమ్స్ స్పెషలిస్ట్’ అని చూసి మన కార్డుకు అలాంటిది జోడించాలనిపిస్తుంది. ఆ పని చేయకండి.

మీతో వస్తున్న జూనియర్ సంగతి మరచిపోవద్దు. ఇద్దరూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చోకండి. ఒకేసారి రెండు చర్చలు జరుగుతుంటే ఒకరు పిల్లల డేటా, వినియోగదారుల రక్షణ వైపు, మరొకరు పబ్లిషింగ్ ఒప్పందాలు, మేధా సంపత్తి వైపు వెళ్లండి. భోజనానికి కూడా వేర్వేరు బల్లల దగ్గర కూర్చోండి, తెలిసిన మనిషి పక్కన ఉంటే కొత్తవారితో మాట కలవదు. సాయంత్రం ఇరవై నిమిషాలు మాత్రం కలిసి కూర్చొని, ఎవరి నుంచి ఏం తెలిసిందో, ఎవరికి ఏం పంపుతామని మాట ఇచ్చారో రాసుకోండి. ఇచ్చిన మాటను మరచిపోవడం వల్ల పోయినన్ని పరిచయాలు మరి దేనివల్లా పోవు.

వెళ్లడానికి మూడు వారాల ముందు, మీరు కలవాలనుకునే నలుగురైదుగురికి చిన్న ఈమెయిలు రాయండి. మీరు ఎవరు, వారి ఏ ప్రసంగమో, వ్యాసమో చదివి రాస్తున్నారు, మీ ప్రశ్న ఏమిటి, కాఫీ విరామంలో పదిహేను నిమిషాలు వీలవుతుందా అని నాలుగు వాక్యాలు చాలు. అందరూ జవాబివ్వరు. ఇద్దరు ఇచ్చినా మీ ప్రయాణం సార్థకమే. ప్రశ్నతో పాటు మీరు ఇవ్వగలిగినదాన్ని కూడా చెప్పండి, ‘భారత 2025 చట్టం గురించి మీకేమైనా సందేహాలుంటే సంతోషంగా చెబుతాను’ అన్న ఒక్క మాట జవాబు వచ్చే అవకాశాన్ని బాగా పెంచుతుంది.

ప్రయాణ ఏర్పాట్ల గురించి క్లుప్తంగా. లిథువేనియా షెంగెన్ దేశం (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల్లో ఒకటి), ఖర్చు యూరోల్లో. వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇచ్చి తీరాలి, కానీ పరిశీలన కొన్నిసార్లు నలభై ఐదు రోజుల దాకా సాగవచ్చు కనుక మీరు ఈ వారమే అపాయింట్‌మెంటు తీసుకోండి. నిర్వాహకుల ఆహ్వాన పత్రం, కంపెనీ లేఖ, కనీసం 30,000 యూరోల వైద్య బీమా సిద్ధంగా ఉంచుకోండి. శాకాహారులైతే ఆ సంగతి ముందే రాసి పంపండి.

అక్కడి మనుషులతో మాట కలపడానికి ఒక మంచి దారి ఉంది. లిథువేనియన్ భాష సంస్కృతానికి దూరపు చుట్టం. వారు నిప్పును ‘ఉగ్నిస్’ అంటారు, పొగను ‘దూమాయ్’ అంటారు, దేవుణ్ణి ‘దియేవాస్’ అంటారు. అగ్ని, ధూమం, దేవుడు మన తెలుగింట రోజూ వినిపించే మాటలే. యునెస్కో గుర్తింపు పొందిన ఆ పాత నగరపు వీధుల్లో సాయంత్రం నడుస్తూ ఈ మూడు మాటలు చెప్పి చూడండి, వాతావరణం గురించి మాట్లాడినదానికన్నా త్వరగా స్నేహం కుదురుతుంది.

తిరిగి వచ్చాక రెండు రోజుల్లో ఈమెయిళ్లు, వారం రోజుల్లో నివేదిక. యాజమాన్యానికి ఇరవై పేజీలు ఇవ్వకండి, వారు చదవరు. రెండు పేజీల్లో, మీరు తీసుకెళ్లిన మూడు ప్రశ్నలకు దొరికిన జవాబులు, వాటి వల్ల మీ గేమ్‌లో ఏ తెర, ఏ ఒప్పంద నిబంధన పునఃపరిశీలనకు రావాలో, ఆ పని ఎవరు ఎప్పటిలోగా చేస్తారో రాయండి. పైన చెప్పిన గోప్యతా కారణం వల్ల, లోపాల విశ్లేషణను మాత్రం ఈ నివేదికలో పెట్టకుండా బయటి న్యాయవాది ద్వారా నడిపించండి. మీ జూనియర్ చేత ప్రోడక్ట్ బృందానికి అరగంట ప్రసంగం ఇప్పించండి, సికింద్రాబాదు క్లబ్ కథతో మొదలుపెట్టమనండి.

మీ మూడు ప్రశ్నలు రాసుకున్నాక, కంపెనీ ఆనవాళ్లన్నీ తీసేసి, పై అధికారి అనుమతితో ఇక్కడ పెట్టండి. ఎక్కడైనా గుర్తుపట్టే ఆధారం మిగిలిపోయిందేమో చూసి చెబుతాను.